చదివి వినిపించిన మనిషి

చదువులమ్మ పోయిన మర్నాడు మా ప్రెస్సు ఓనరు నన్ను గదిలోకి పిలిచి, నోటీసు బోర్డులో పెట్టడానికి నాలుగు ముక్కలు రాసిమ్మన్నాడు. "మీకంటే ఎవరికి తెలుసు మాష్టారూ, నలభై ఏళ్ళ పైచిలుకు ఎదురెదురుగా కూర్చున్నారు" అన్నాడు. రాసిచ్చాను. "తన పనిలో ఏనాడూ తప్పు చేయని మనిషి" అని రాశాను. ఆ కాగితం వారం రోజులు బోర్డు మీద ఉంది. అటుగా వెళ్ళినప్పుడల్లా తల పక్కకు తిప్పుకునేవాణ్ణి. అందులో రాసింది అబద్ధమని కాదు, నేను మింగేసిందే ఎక్కువ. ఆ మింగేసింది ఇప్పుడు రాస్తున్నాను.

ముందు మా పని ఏమిటో చెప్పాలి. మాది కోర్టు తీర్పులూ ప్రభుత్వ గెజెట్లూ అచ్చువేసే పాత ప్రెస్సు. తీర్పులో ఒక్క కామా జారితే ఎవరిదో కొంప మునుగుతుంది కాబట్టి, కంప్యూటర్లు వచ్చాక కూడా మా దగ్గర ప్రూఫు ఇద్దరు మనుషులే చూస్తారు. ఒకరు రాతప్రతి పట్టుకుని పైకి చదవాలి. ఎదురుగా కూర్చున్నవాడు అచ్చు కాగితం మీద ఎర్ర సిరాతో దిద్దాలి. చదివేవాళ్ళు మాటలు చదివితే చాలదు. కామా ఉంటే కామా అనాలి, ఫుల్‌స్టాప్ ఉంటే ఫుల్‌స్టాప్ అనాలి, పేరా మారితే కొత్త పేరా అనాలి. అయిపోయాక కాగితం అడుగున ఇద్దరూ సంతకం పెట్టాలి. మొదటి వారంలో గొంతు పోతుంది, రెండో వారంలో బుర్ర పోతుంది, మూడో వారం నుంచి రెండూ లేకుండా బతకడం అలవాటైపోతుంది.

ఆమె చదివే పనికి వచ్చినప్పుడు ఆమెకు పందొమ్మిదేళ్ళు, నాకు పాతిక. పని నేర్పింది నేనే. ఆ రోజుల్లో నాకు నోటిదురుసు ఎక్కువ, పని తెలిసినవాణ్ణన్న గీర అంతకంటే ఎక్కువ.

"అమ్మాయ్, నువ్వు కథ చదవడం లేదు" అన్నాను మొదటి రోజే. "ఏడుపొచ్చేచోట ఏడవకు, నవ్వొచ్చేచోట నవ్వకు. అర్థం పట్టుకుని పోయావంటే కన్ను ముందుకు పరిగెడుతుంది, అక్షరం వదిలేస్తావు. ఇదంతా పాత సామాన్ల జాబితా అనుకుని చదువు."

ఆమె తలూపింది. నెల తిరక్కుండానే నన్ను మించిపోయింది. ఒకసారి భార్యాభర్తల విడాకుల తీర్పు వచ్చింది. మొగుడు పెళ్ళానికి రాసిన బూతుల ఉత్తరం మొత్తం అందులో ఉంది. ఆ బూతులన్నీ కామాలతో సహా ఆమె తనకేమీ పట్టనట్టు చదువుకుంటూ పోతే, కంపోజింగ్ సెక్షన్‌లో పదిమంది మగవాళ్ళు పని ఆపి పొట్టలు పట్టుకున్నారు. చదువులమ్మ అన్న పేరు ఆ రోజే పెట్టారు. అసలు పేరు హాజరు పట్టీలోనే ఉండిపోయింది.

ఆమె ఇల్లు రైల్వే యార్డు వెనక. పాత వ్యాగన్ చెక్కలతో, రేకులతో కట్టుకున్న షెడ్లు నాలుగు వరసలుండేవి. వాళ్ళను ఊళ్ళో యార్డు జనం అనేవారు. ఆ మాట అనేటప్పుడు జేబు తడుముకోవడం ఊరివాళ్ళ అలవాటు. ఆమెకు తల్లిదండ్రులు లేరు. అయిదేళ్ళు పెద్దదైన అక్కే పెంచింది. అక్కకు అక్షరం ముక్క రాదు. తాను బడి మొహం చూడకపోయినా, చెల్లెల్ని మాత్రం చెవి మెలేసి మరీ బడికి పంపింది. అక్క మొగుడు యార్డులో సరుకు దించేవాడు. వాళ్ళకు నాలుగు నెలల పాప ఉండేది.

అప్పట్లో మా దగ్గర ఒక వారపత్రిక కూడా అచ్చయ్యేది. దాని మొదటి పేజీలో ప్రతివారం పేరు లేకుండా ఒక వ్యాసం వచ్చేది. రాసేది ఆ పత్రికలో ఉద్యోగం చేసే ఒక ముప్పై మూడేళ్ళ మనిషి. తర్వాత్తర్వాత ఆయన్ని లోకమంతా పెద్దాయన అంది కాబట్టి నేనూ అలాగే అంటాను. ఆయన చేతిరాత మాకు కొట్టినపిండి. తలకట్లన్నీ గాలికి ఎగిరిపోతున్నట్టు వేసేవాడు.

ఆ వానాకాలం ఒక మంగళవారం ఆయన వ్యాసం మా బల్ల మీదికి వచ్చింది. అది యార్డు వెనక షెడ్ల గురించి. ఊరి నడుమ ఇదొక పుండు అని మొదలైంది. ఆ జనానికి దొంగతనం అవసరం కొద్దీ వచ్చింది కాదు, రక్తంలోనే ఉంది అన్నాడు. వాళ్ళ పిల్లల్ని బడిలో కూర్చోబెట్టడం మిగతా పిల్లలకు చేసే ద్రోహమన్నాడు. వానలు తగ్గేదాకా ఆగక్కర్లేదు, వెంటనే ఊడ్చేయాలన్నాడు. ఆమె చదివింది. "వాళ్ళు పూర్తిగా చెడిన మనుషులు కామా పూర్తిగా ఇక బాగుపడని మనుషులు ఫుల్‌స్టాప్ కొత్త పేరా." నేను దిద్దాను. మూడు తప్పులు దొరికాయి. ఆమె సంతకం పెట్టింది, కింద నేను పెట్టాను. తర్వాత ఏదో గట్టు తగాదా తీర్పు తీసుకున్నాం.

తన ఇంటి గురించి రాసింది చదువుతూ ఆ పిల్లకు తెలియలేదా అని అడుగుతారు. తెలియలేదు. నేను నేర్పిన చదువు అది. నాకు తెలియలేదా అని కూడా అడగాలి కదా, అడగండి. నాకు తెలుసు. దిద్దేవాడు వినాలి, వింటే అర్థమవుతుంది. ఆమె ఎక్కడుంటుందో కూడా నాకు తెలుసు. ఒకసారి తలెత్తి ఆమె ముఖం చూశాను. రెప్ప కూడా కదల్లేదు. పిల్ల పని భలే నేర్చుకుందని ముచ్చటపడ్డాను.

వ్యాసం అచ్చయిన పన్నెండో రోజున ఇళ్ళు కూల్చే యంత్రాలు వచ్చాయి. అంతకుముందు మున్సిపల్ మీటింగులో ఒక మెంబరు ఆ వ్యాసం మొత్తం చదివి వినిపించాడట. పొద్దున్న మొదలుపెట్టి మధ్యాహ్నానికల్లా నాలుగు వరసలూ నేలమట్టం చేశారు. సాయంత్రం నుంచి రెండు రోజులు ఒకటే వాన. యార్డు జనం సరుకుల గోడౌను వరండాలో తలదాచుకున్నారు. పాపకు జలుబు చేసి రొమ్ము పట్టేసింది. అయిదో రోజున అక్క ఒళ్ళోనే పోయింది.

చదువులమ్మ ఆ మర్నాడే పనికి వచ్చింది. కూర్చుంది. చదవాల్సిన కాపీ చేతిలోకి తీసుకోలేదు.

"మాష్టారూ, అది మనం చూసిన కాగితమే కదా?"

"మనం రాసింది కాదమ్మా. మన పని తప్పులు చూడటం" అన్నాను.

"అందులో మూడే తప్పులున్నాయా?"

నేను ఎర్ర కలం మూత తీసి అచ్చు కాగితం ముందుకు లాక్కున్నాను. ఆమె కాపీ అందుకుంది. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు. అక్కకూ చెప్పలేదు. పేపర్లో ఎవడో ఏదో రాశాడట, అందుకే కూల్చారట అన్నంతవరకే అక్కకు తెలుసు. ఆ రాతను ముందుగా పైకి చదివిన గొంతు తన చెల్లెలిదని తెలియదు.

పన్నెండేళ్ళు గడిచాయి. పెద్దాయన ఆ పత్రిక వదిలేశాడని, వేరే ఊళ్ళో మిల్లు కూలీల మధ్య ఉంటున్నాడని, రెండుసార్లు జైలుకు వెళ్ళాడని వినేవాళ్ళం. అలాంటి కబుర్లను నేను సగమే నమ్ముతాను. ఒకరోజు ఆయన పుస్తకం రాతప్రతి అచ్చుకు వచ్చింది. దాని అసలు పేరు చాంతాడంత ఉండేది. జనం దాన్ని ఇళ్ళ పుస్తకం అన్నారు. చదువులమ్మ మొదటి కాగితం తీసి, ఆ ఎగిరిపోయే తలకట్లు చూసి, ఆగిపోయింది. నా ఎదురుగా ఆమె ఆగిపోవడం అదొక్కసారే.

"ఈ చేతిరాత..." అంది.

"చేతిరాతతో మనకేం పని? చదువు."

చదివింది. ఆరు వందల కాగితాలు. నా నోటితో చెప్పుకోకూడదు గానీ, ఆ పుస్తకం దిద్దుతూ రెండు మూడు చోట్ల నా ఎర్ర కలం ఆగింది. నాలుగో అధ్యాయం ఇళ్ళు కూల్చడం గురించి. "మరో పైకప్పు చూపించకుండా ఒకరి తలుపు మూయించే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు" అన్న వాక్యం దాంట్లోదే. ఆ వాక్యం గోడలెక్కింది, కరపత్రాలెక్కింది, చివరికి చట్టమై కూర్చుంది. వేరే ఇల్లు చూపించకుండా ఎవరినీ ఖాళీ చేయించకూడదన్నారు. గోడౌను వరండాల్లో, వంతెనల కింద ఏళ్ళ తరబడి తలదాచుకుంటున్న యార్డు జనానికి ఊరి చివర రెండేసి గదుల ఇళ్ళు వచ్చాయి. అప్పటికి అక్క మొగుడు పోయాడు. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒక ఇంట్లో చేరారు. అక్కకు మళ్ళీ పిల్లలు కలగలేదు. చెల్లెలు పెళ్ళే చేసుకోలేదు.

ఆ ఇంట్లో సాయంత్రాలు ఇళ్ళ పుస్తకం చదవడం ఒక నియమమైపోయింది. మొదటిసారి చెల్లెలు ప్రెస్సు గొంతుతో మొదలుపెడితే అక్క మండిపడిందట.

"ఇదేం చదువే? సామాన్లు లెక్కపెడుతున్నావా? మనిషిలా చదువు!"

అక్షరం రాని ఆ అక్కే ఆమెకు చదవడం మళ్ళీ నేర్పింది. ఇక్కడ ఆగు, ఇది మళ్ళీ చెప్పు, ఇక్కడ గొంతు పెంచు అని. కొన్నాళ్ళకు నాలుగో అధ్యాయం అక్కకు నోటికొచ్చేసింది. వీధిలో ఎవరికి నోటీసు వచ్చినా, ఏ ఆఫీసువాడు గుమ్మం తొక్కినా, అక్క ముందుకొచ్చి ఆ వాక్యం వల్లించేది. గుమాస్తాలు ఆమెను చూస్తే ఫైలు పట్టుకుని పక్క సందులోకి తిరిగేవారట. నేను ఒకటి రెండుసార్లు ఆ ఇంటికి వెళ్ళాను. అక్క నన్ను "అన్నయ్యా" అని పిలిచి, చెల్లెలికి విద్య నేర్పిన మనిషినని కుర్చీ తుడిచి వేసేది.

నాలుగో అధ్యాయంలో ఇంకో వాక్యం ఉంది. "ఆ రోజుల్లో కొందరు పత్రికలవాళ్ళు పేదల మీదికి జనాన్ని ఉసిగొల్పారు" అని. అక్కకు చదివేటప్పుడు చదువులమ్మ ప్రతిసారీ ఆ వాక్యం దాటేసేదట. నా దగ్గర ఒక్క కామా దాటేయని మనిషి, ఇంట్లో దాదాపు ముప్పై ఏళ్ళపాటు అదే వాక్యం దాటేసింది.

ఆ సంగతి నాకు మూడేళ్ళ కిందట, పెద్దాయన రచనలన్నీ సంపుటాలుగా వేయడం మొదలుపెట్టినప్పుడు తెలిసింది. ఆ పనికి ఒక సంపాదకురాలిని పెట్టారు. ముప్పై ఏళ్ళ పిల్ల, దుమ్ముకు తుమ్ముతూనే మా అటక మీదున్న పాత ప్రూఫులన్నీ తిరగేసింది. పత్రికలో పేరు లేకుండా వచ్చిన వ్యాసాల కట్ట పట్టుకుని మా బల్ల దగ్గరికి వచ్చింది. రాతప్రతులు ఎప్పుడో చెదలు తినేశాయి, ప్రూఫులే మిగిలాయి.

"ఇవి ఎవరు రాశారో ఎక్కడా లేదండీ. ఆయన్ని అడిగితే గుర్తులేదంటున్నారు. అప్పటి రాతప్రతి చూసినవాళ్ళు మీరిద్దరే ఉన్నారు. ఆయనవేనని ఇద్దరూ చెబితే మొదటి సంపుటంలో వేస్తాను. ఎల్లుండికి చెప్పండి."

పై కాగితం ఆ మంగళవారానిదే. అడుగున రెండు సంతకాలు. ఆమెది గుండ్రంగా, చదవడానికి వీలుగా ఉంది. నాది కోడి కెలికినట్టుంది.

అదే వారంలో ఇంకొకటి జరిగింది. సంపుటాలు విడుదల చేసే సభలో పెద్దాయన చేతుల మీదుగా మొదటి ప్రతి ఎవరికివ్వాలని వెతికి, ఆయన పుస్తకం వల్ల ఇల్లు వచ్చినవాళ్ళలో పెద్దదని అక్కను ఎంచారు. అక్క ఆనందం అంతా ఇంతా కాదు. ఉన్న రెండు చీరల్లో ఏది కట్టుకోవాలని వీధంతా అడిగి వచ్చిందట.

ఆ మధ్యాహ్నం చదువులమ్మ నాకు దాటేసిన వాక్యం సంగతి చెప్పింది. చెప్పి, "మా అక్క ఆయన పక్కన నిలబడి, ఆయన చేతిలోంచి పుస్తకం తీసుకుంటుంది మాష్టారూ. తెలియకుండా తీసుకోనివ్వనా? చెబితే ఆయన సంగతొక్కటే చెప్పి ఊరుకోలేను. నా సంగతీ చెప్పాలి. నలభై రెండేళ్ళు దాచానని చెప్పాలి. అక్క తప్ప నాకెవరున్నారు?" అంది.

నేను ఒంటికాలి మీద లేచాను. "అసలు చెప్పడమెందుకు? మనిషి మారాడు. మారడమే కాదు, మారి అంత పుస్తకం రాశాడు. అందులో ఉన్న మాట నిజమా కాదా అనేది చూడాలి గానీ, రాసిన చెయ్యి అంతకుముందు ఏం చేసిందని ఆరా తీస్తే ఏ పుస్తకం నిలుస్తుంది? బావి తవ్వినవాడి బతుకు తెలుసుకుని నీళ్ళు తాగుతామా?"

"నీళ్ళు బాగాలేవని నేననలేదు. నేనూ తాగాను. కానీ కొందరు పత్రికలవాళ్ళు అని రాశాడు చూడండి. ఆ కొందరూ ఎవరో ఆయనకు తెలియదా? ఆ ఒక్కచోట నేను కూడా ఉన్నానని రాసుంటే, ముప్పై ఏళ్ళు నేను ఆ వాక్యం దాటేసేదాన్ని కాదు. గట్టిగా చదివి, అక్కా, వీడే అని చెప్పేదాన్ని. ఒప్పుకున్నాడు చూడు అనేదాన్ని."

నా వాదన తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు. కాకపోతే అందులో సగం ఆ పుస్తకం మీద ప్రేమ, సగం నన్ను నేను కాపాడుకోవడం. ఏ సగం ఎక్కడ మొదలైందో అప్పుడు చూసుకోలేదు.

మర్నాడు ప్రూఫులు చూపించే నెపంతో ఇద్దరం పెద్దాయన ఇంటికి వెళ్ళాం. డెబ్బై అయిదేళ్ళ మనిషి, కళ్ళు దాదాపు పోయాయి, మోకాళ్ళు ఎప్పుడో పోయాయి. కిటికీ పక్కన చక్రాల కుర్చీలో ఉన్నాడు. గదంతా పుస్తకాలూ మందుల వాసనా. కూతురు మాకు కుర్చీలు చూపించి లోపలికి వెళ్ళింది. చదవమన్నాడు. చదువులమ్మ ఆ మంగళవారం కాగితం తీసి, నేను నేర్పిన గొంతుతో, కామాలతో సహా చదివింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. మధ్యలో వేలెత్తాడు.

"అక్కడ పూర్తిగా అన్నది రెండుసార్లు పడిందమ్మా. ఒకటి తీసేయండి."

ఆమె ఆపేసింది. ఆయనా ఆగిపోయాడు.

"ఏమిటిది?" అన్నాడు.

"మీ వ్యాసమే సార్. నలభై రెండేళ్ళయింది."

"నాకు గుర్తులేదు."

"గుర్తులేకపోతే ఒకటి తీసేయమని ఎందుకన్నారు సార్?"

ఆయన ముఖం ముడుచుకుపోయింది. నాకు జాలేసింది, అబద్ధమాడను. "అది రాసినవాణ్ణి నేనెప్పుడో చంపేసుకున్నానమ్మా" అన్నాడు. "ఇళ్ళ పుస్తకం రాసింది అందుకే."

"మరి అందులో ఆ మాట లేదే?"

"ఉంటే ఎవరు నమ్మేవాళ్ళు? మొదటి పేజీ దగ్గరే మూసేసేవాళ్ళు. ఆ చట్టం వచ్చేదా? ఇప్పుడు గుడిసెలు కూల్చొద్దని కాలువ గట్టువాళ్ళు వేసిన కేసు నడుస్తోంది. వాళ్ళ ప్లీడరు చేతిలో నా పుస్తకమే ఉంది. ఇది బయటికొస్తే అవతలి ప్లీడరు ముందు చదివేది ఇదే. రెండు వందల కుటుంబాలమ్మా. నేను పోయాక వేసుకోండి."

"మీరు పోయాక మా అక్క ఎవర్ని అడగాలి సార్?" అంది చదువులమ్మ. పాప సంగతి అప్పుడు చెప్పింది. ఎన్ని నెలల పిల్లో, ఎన్నో రోజున పోయిందో చెప్పింది. ఏడవలేదు, గొంతు పెంచలేదు. ఆయన చక్రం పట్టుకుని కుర్చీని కిటికీ వైపు తిప్పుకున్నాడు. మేం లేచి వచ్చేశాం.

సంపాదకురాలు వచ్చి అడిగింది. చదువులమ్మ, "ఆయన రాసినవే" అంది. ఆ పిల్ల నా వైపు తిరిగింది. కాలువ గట్టువాళ్ళను తలుచుకున్నాను. కింద ఉన్న కోడి కెలుకుడునూ తలుచుకున్నాను. "వయసైపోయిందమ్మా, నాకు గుర్తులేదు" అన్నాను. ఇద్దరూ ఒకే మాట చెప్పలేదు కాబట్టి వ్యాసాలు సంపుటంలోకి ఎక్కలేదు. చదువులమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రమే ఆమె అక్కకు చెప్పేసింది. తర్వాత నాకు చెప్పింది ఇది. అక్క మొదట ఆ కాగితం చదవమంది. ఆ రోజు ఎలా చదివావో అలాగే చదవమంది. విన్నది.

"అంతా చదివావా ఆ రోజు? ఆపకుండా?"

"ఆపకుండా అక్కా."

"మా గురించేనని తెలియలేదా?"

"తెలియలేదు. మాట లోపలికి పోనివ్వకుండా చదవడమే మా పని. ఎదురుగా దిద్దినాయన ఇంకొకరున్నారు. మేమిద్దరం సంతకాలు పెట్టాం."

"కూల్చాక తెలిసింది కదా?"

"తెలిసింది."

"పుస్తకం రాసింది వీడేనని?"

"అదీ తెలిసింది."

అక్క లేచి ఇళ్ళ పుస్తకం తీసి తన పెట్టెలో పెట్టుకుంది. "పుస్తకం తప్పేం చెప్పలేదు. అది నాది" అంది. "రాసినవాడు నాకెవడూ కాదు. వాడు పరాయివాడు. పరాయివాడు ఏదైనా రాస్తాడు." తర్వాతి రోజు నుంచి రెండో గదిలో పడుకోవడం మొదలుపెట్టింది.

సభకు అక్క వెళ్ళింది. రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతారు, కాలువ గట్టువాళ్ళ కేసుకు చెరుపవుతుందని వీధిలో ఎవరితోనో అందట. నేను వెనక వరసలో కూర్చున్నాను. పెద్దాయన చక్రాల కుర్చీలోంచి పుస్తకం అందించాడు. అక్క తీసుకుంది. ఆయన ఏదో అన్నాడు, ఆమె ఏదో అంది. చప్పట్లలో వినబడలేదు. బయటికొచ్చాక, ఏమన్నాడమ్మా అని నేనే ఉండబట్టలేక అడిగాను.

"బాగున్నావా అన్నాడు. బాగున్నానన్నాను" అంది.

ఆ తర్వాత రెండు వారాలకు అక్క మా ప్రెస్సుకు వచ్చింది. అంతకుముందు ఆమె ఆ గుమ్మం ఎప్పుడూ ఎక్కలేదు. భోజనాల వేళ, గదిలో చదువులమ్మా నేనే ఉన్నాం. చెల్లెలి వైపు చూడకుండా నేరుగా నా దగ్గరికి వచ్చి నిలబడింది. నేను కుర్చీ జరిపాను, కూర్చోలేదు.

"అన్నయ్యా, ఒక్క మాట అడిగి పోతాను. ఇది ఆ రోజుకి పందొమ్మిదేళ్ళ పిల్ల. దీనికి ఆ చదువు నేర్పిందీ, ఎదురుగా కూర్చుని దిద్దిందీ ఒక పెద్దమనిషి ఉంటాడు కదా. ఎవరో ఇది చెప్పదు, నేనూ దీన్ని అడగను. మీరు ఇక్కడ పాతవారు. ఆ మనిషి దీన్ని మాట వినకుండా చదవమన్నానని నాతో అంటే చాలు. వాణ్ణి తిట్టుకుంటాను. దీనితో మాట్లాడగలుగుతాను. అన్నం ముందు పెట్టి మాట్లాడకుండా కూర్చోవడం నా వల్ల కావడం లేదు."

చెల్లెలికి విద్య నేర్పినవాణ్ణని నాకు కుర్చీ తుడిచి వేసిన మనిషి, అది నేనేనని తెలిసే దారి వదిలిందో, ఆ సంగతే మరిచి అడిగిందో నాకు తెలియదు. ఆమె కళ్ళలో మాత్రం నా మీద అనుమానం కనబడలేదు. ఆ నిమిషంలో 'నేనే' అనడానికి రెండక్షరాలు చాలు.

"ఆయన పోయి చాలా ఏళ్ళయిందమ్మా" అన్నాను.

అక్క తలూపింది. అప్పుడు మొదటిసారి చెల్లెలి వైపు తిరిగింది. "అయితే ఇక నువ్వొక్కదానివే మిగిలావు" అని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

చదువులమ్మ నా ముఖం చూసింది. నిజం ఆమె నాలుక చివరే ఉంది. ఒక్క కేక వేస్తే మెట్ల మీదున్న అక్కకు వినబడుతుంది. వేయలేదు. ఎందుకు వేయలేదో నేను అడగలేదు, అడగడానికి నాకు ముఖం లేదు. గంట కొట్టాక కాపీ తీసుకుని చదవడం మొదలుపెట్టింది, నేను దిద్దడం మొదలుపెట్టాను.

ఆ తర్వాత మూడేళ్ళు బతికింది. కాలువ గట్టువాళ్ళు కేసు గెలిచారు. ఆ కబురు తెలిసిన నెలలోనే పెద్దాయన పోయాడు. వ్యాసాలు ఇంకా అటక మీదే ఉన్నాయి, తాను పోయాక వేసుకోమన్న ఆయన మాట నేను ఎవరికీ చెప్పలేదు. ఆ రెండు గదుల ఇంట్లో అక్కాచెల్లెళ్ళు ఒకరు వండితే ఒకరు గిన్నెలు కడుగుతూ, మూడేళ్ళలో నాలుగు మాటలు కూడా మాట్లాడుకోలేదు. సాయంత్రం చదువు ఆగిపోయింది. ఊపిరితిత్తులు పాడై చదువులమ్మ ఆస్పత్రిలో ఉన్న పదిరోజులూ అక్క ఆమె మంచం పక్కనే కూర్చుంది, నోట్లో నీళ్ళు పోసింది, కాళ్ళు పట్టింది, మాట్లాడలేదు. నేను రోజూ వెళ్ళాను. అక్క నాకు స్టూలు జరిపేది. మూడేళ్ళు, పనిరోజులన్నీ, చదువులమ్మ నాకు బల్లకు అవతలే ఉంది. ఆమెను విడిపించే మాట నా దగ్గరే ఉంది. నేను వాన గురించీ, కొత్త కంపోజిటరు తప్పుల గురించీ మాట్లాడాను.

ఈ కాగితాలు రాయడం నిన్న ముగించాను. పొద్దున్న ఇంకోసారి మొదటి నుంచి చూసుకున్నాను, దిద్దాల్సినవి దిద్దాను. అక్క ఆ రెండు గదుల్లోనే ఉంది. ఇది తెలియాల్సింది ఆమెకే. ఆమెకు చదవడం రాదు, చదివి వినిపించే మనిషి పోయింది. వినిపించాలంటే నేనే వెళ్ళి, ఆ ఇంట్లో ఆమె వేసిన కుర్చీలో కూర్చుని, నా నోటితో చదవాలి. ఇవాళ్టికి నాలుగుసార్లు చెప్పులు వేసుకున్నాను. ఇంకా వెళ్ళలేదు.